త్రూ ప్రాపర్ ఛానల్

పూర్ణవాహిని విశ్వవిద్యాలయంలో లైంగిక వేధింపులు లేవు. ఆ సంగతి మెయిన్ గేటు పక్కన ఎనిమిదడుగుల బోర్డు మీద రాసి ఉంది గనక అనుమానించడానికి వీల్లేదు. పైన "వేధింపు రహిత ప్రాంగణం" అని ఉంటుంది. దాని కింద "అందిన ఫిర్యాదులు: 0". దాని కింద "వరుసగా 11వ సంవత్సరం". ఈ పదకొండును ఏటా మార్చాలి గనక చిన్న రేకు మీద రాసి కొక్కేనికి తగిలించారు. సున్నాను మార్చే అవసరం రాదు గనక దాన్ని బోర్డు మీదే, ఆయిల్ పెయింట్‌తో, రెండు కోటింగులు వేయించి శాశ్వతంగా రాయించారు. పెయింటరు కూడా ముచ్చటపడి దాన్ని కోడిగుడ్డంత అందంగా గీశాడు.

సున్నాను కాపాడటం తేలికైన పనేం కాదు. దానికో వేధింపుల నివారణ కమిటీ ఉంది. ఆ కమిటీకి కన్వీనర్ బోటనీ ప్రొఫెసర్ సుగుణాకర్ గారు. ఈ విషయంలో క్యాంపస్ మొత్తం మీద ఆయనకున్నంత అనుభవం ఇంకెవరికీ లేదు.

ఆయన దగ్గరే కొలిపాక రజిత నాలుగేళ్లుగా పీహెచ్‌డీ చేస్తోంది. పరిశోధన వయ్యారిభామ మీద. చేల గట్ల మీద, రోడ్ల పక్కన తెల్లటి పూలతో పెరిగే కలుపు మొక్క అది. తగిలితే ఒళ్లంతా దురద. దానికా పేరు ఎవరు పెట్టారో గాని సుగుణాకర్ గారికి మాత్రం బాగా కలిసొచ్చింది. మొదటి ఏడాది ఆయన "రజితా" అని పిలిచేవారు. రెండో ఏడాది "ఏమ్మా వయ్యారిభామా" అన్నారు. మూడో ఏడాది "ఏమ్మా" రాలిపోయింది. నాలుగో ఏడాదికి, ఆమె మైక్రోస్కోపులోకి వంగి చూస్తుంటే వెనక నుంచి భుజం మీద చెయ్యి వేసి "ఫోకస్ కుదిరిందా" అని అడగడం, ఆమె పక్కకు జరిగితే "ముట్టుకుంటే దురద పెట్టే మొక్క ఇదే" అని నవ్వడం దాకా పరిశోధన పురోగమించింది. రాత్రిళ్లు ఫోన్‌కు మెసేజీలు కూడా వచ్చేవి. వాటిలో వృక్షశాస్త్రం పాలు తక్కువ.

మొన్న జరిగిన నివారణ వారోత్సవాల్లో సుగుణాకర్ గారు ముగ్గుల పోటీ పెట్టించారు, ప్రతిజ్ఞ చేయించారు, ప్రతి డిపార్ట్‌మెంటుకూ మూడడుగుల టేకు బద్ద ఒకటి పంచారు. "మగ సిబ్బందికీ ఆడ విద్యార్థులకూ మధ్య కనీస మర్యాద దూరం ఈ బద్దంత ఉండవలెను" అని మైకులో ప్రకటించారు. మర్నాడే రజితను గదికి పిలిపించి, బద్ద కొలత సరిగ్గా ఉందో లేదో చూడాలి, ఇటు చివర నువ్వు పట్టుకో అన్నారు. రెండు నిమిషాల్లో బద్ద కింద పడింది. మధ్యలో దూరం ఎక్కడికి పోయిందో బద్దకే తెలియదు. రజిత తలుపు తీసుకుని బయటికొచ్చి, ల్యాబ్ సింకు దగ్గర చేతులు మూడుసార్లు కడుక్కుంది.

అసలు చిక్కు థీసిస్ దగ్గరుంది. ఆమె రాయడం పూర్తిచేసి ఇచ్చి నాలుగు నెలలైంది. అది సుగుణాకర్ గారి బీరువాలో తాళం వెనకాల కూర్చుంది.

"మిగతా వాళ్లవి వేరు, నీది వేరు," అన్నారాయన. "నీది నింపాదిగా లైను లైనూ చదవాలి. ఇరవై ఎనిమిదో తారీఖు ఫీల్డ్ క్యాంపు పెట్టుకుందాం. ఫారెస్టు గెస్ట్‌హౌస్ బుక్ చేశాను. మూడు రోజులు. నువ్వు, నేను."

"ఆ అడవిలో వయ్యారిభామ ఒక్క మొక్క కూడా లేదు సార్."

"ఎందుకు లేదో పరిశోధిద్దాం," అన్నారు సుగుణాకర్ గారు, చాలా శాస్త్రీయంగా.

ఆ రోజు తారీఖు ఐదు.

*

ఆరో తారీఖు ఉదయం రజిత తెల్లకాగితం మీద రెండు పేజీల ఫిర్యాదు రాసుకుని ఫిర్యాదుల విభాగానికి వెళ్లింది. దాని చైర్‌పర్సన్ ప్రొఫెసర్ అనసూయాదేవి గారు. ఆమె కాగితాన్ని చూడగానే రెండు చేతులూ అడ్డం పెట్టారు.

"పేరు చెప్పకమ్మా! డిపార్ట్‌మెంట్ కూడా చెప్పకు. గోప్యత అనేది ఈ విభాగానికి ప్రాణం. ఎవరు, ఎవరిని, ఏం చేశారు అనే మూడు విషయాలూ నాకు తెలియకూడదు. మిగతాది చెప్పు."

"మిగతాది ఏముంటది మేడం?"

"ఫార్మాట్ ఉంటుంది." అనసూయాదేవి గారు సొరుగు లాగి ఫారం తీసి బల్ల మీద పెట్టారు. పదహారు పేజీలు. "తెల్లకాగితం మీద ఫిర్యాదు స్వీకరించం. రిజిస్ట్రార్ గారి సర్క్యులర్ ఉంది."

"చట్టంల రాతపూర్వకంగా ఇస్తే చాలని ఉంది కదా మేడం. మూడు నెలల లోపల."

"ఉంది. కానీ చట్టం ఫార్మాట్‌లో లేదమ్మా."

రజిత ఫారం తిరగేసింది. తొమ్మిదో కాలమ్: సంఘటనకు ముందస్తు అనుమతి పొందబడినదా? పదకొండో కాలమ్: సంఘటన యొక్క నకలు గెజిటెడ్ అధికారిచే ధ్రువీకరించబడవలెను. పదమూడో కాలమ్: లైబ్రరీ, హాస్టల్, క్రీడా విభాగముల నుండి నో డ్యూస్ జతపరచవలెను. పద్నాలుగు: ఆరోపణకు గురైన వ్యక్తి నుండి నిరభ్యంతర పత్రం. పదిహేను: కోరుచున్న చర్య. పదహారు: గైడ్ ద్వారా, త్రూ ప్రాపర్ ఛానల్.

"మేడం, ఫిర్యాదే గైడ్ మీద."

అనసూయాదేవి గారు చెవులు మూసుకున్నారు. "విననే లేదు నేను! చూడమ్మా, రీసెర్చ్ స్కాలర్ కాగితం ఏదైనా గైడ్ సంతకం లేకుండా ఈ క్యాంపస్‌లో కదలదు. రేపు నీ పెళ్లి పత్రిక ఇవ్వడానికొచ్చినా దాని మీద 'ఫార్వర్డెడ్' అని ఉంటేనే నేను భోజనానికి రాగలను."

"తన మీద ఫిర్యాదుకు ఆయనే సంతకం ఎట్ల పెడ్తడు మేడం? అభ్యంతరం లేదని ఎట్ల రాసిస్తడు?"

"అలా అడుగు! పదకొండేళ్లుగా ఒక్కరూ పెట్టలేదు. దాన్నిబట్టి చూడు మన క్యాంపస్ ఎంత సురక్షితమో," అన్నారు అనసూయాదేవి గారు, గేటు వైపు గర్వంగా చూస్తూ.

*

రజిత హాస్టల్‌కెళ్లి మంచం మీద పడుకుని కాసేపు సీలింగ్ ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టింది. మూడే ఉన్నాయి. ఎన్నిసార్లు లెక్కపెట్టినా మూడే. లేచి కూర్చుని, ఎలాగూ పిచ్చే గనక క్రమంగా చేద్దామని ఫారం నింపింది. జరిగింది జరిగినట్టు, తారీఖులతో సహా రాసింది. పదిహేనో కాలమ్‌లో "సస్పెన్షన్, విచారణ, నాకు వేరే గైడ్" అని రాసింది.

ముందుగా మెసేజీల ప్రింట్లు పట్టుకుని గెజిటెడ్ అధికారి కోసం బయల్దేరింది. క్యాంపస్ ఎదురుగా పశువుల దవాఖాన ఉంది. విద్యార్థుల మార్కుల మెమోలన్నిటికీ అక్కడి డాక్టరే ఆకుపచ్చ ఇంకుతో సంతకం పెడతాడు. ఆయన ఒక చేత్తో ఎద్దు దవడ పట్టుకుని రెండో చేత్తో కాగితాలు అందుకున్నాడు. ఫోన్‌లో మెసేజీ, ప్రింట్‌లో మెసేజీ, ఒక్కొక్కటీ సరిచూశాడు. నలభై ఒక్క మెసేజీలు. చూసేకొద్దీ ఎద్దు దవడ మీద పట్టు బిగిసి అది మూలిగింది.

"ఇవన్నీ ఎందుకమ్మా? పోయి చెప్తే సరిపోదా?"

"ఇంకా నో డ్యూస్ కావాల్నట సార్. ఆయన ఒప్పుకున్నట్టు కాగితం గూడ."

"పొడిచే ఎద్దుకు ముక్కుతాడు వెయ్యాలంటే మేం ఎద్దు సంతకం అడగం," అని డాక్టరు నలభై ఒక్క సంతకాలూ పెట్టిచ్చాడు.

కాగితం చదివే మనిషి ఆమెకు మళ్లీ చాలా రోజులు కనపడలేదు.

లైబ్రరీలో గుమాస్తా ఫారాన్ని తలకిందులుగా పట్టుకుని స్టాంపు వేశాడు. హాస్టల్ వార్డెన్ ఫోన్‌లో కూరగాయలు పురమాయిస్తూ సంతకం పెట్టింది. క్రీడా విభాగంలో ఫిజికల్ డైరెక్టర్ కబడ్డీ కోర్టు మీద నుంచి చూపు తిప్పకుండా అడిగాడు.

"షటిల్ బ్యాట్ ఏమైనా తీసుకున్నవా?"

"నేను ఇటు దిక్కే రాలేదు సార్."

"రాలేదని రుజువేంది?" అన్నాడాయన. అంతలో కోర్టులో ఎవరో పడ్డారు. "అరే లైన్, లైన్ సూస్కో!" అని అరుస్తూ రజిత ఫారం మీద మూడు చోట్ల సంతకం గీకి, లోపలికి దూకాడు.

రజిత గ్రౌండు గోడ మీద కూర్చుని ఫారం చూసుకుంది. ఒక స్టాంపు, నాలుగు సంతకాలు. పైపేజీ మీద పెద్ద అక్షరాలతో "లైంగిక వేధింపుల ఫిర్యాదు" అని అచ్చువేసి ఉంది. ముగ్గురిలో ఒక్కరూ ఇదేంటని అడగలేదు. ఆమెకు మొదట కోపం వచ్చింది. ఆ తర్వాత, ఎండలో అలా కూర్చోగా కూర్చోగా, ఇంకేదో వచ్చింది.

*

బోటనీ డిపార్ట్‌మెంట్ అటెండర్ రాజవ్వది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. ఇరవై ఏళ్లుగా సుగుణాకర్ గారి సంతకాల ఫోల్డర్ ఆమే మోస్తుంది. పచ్చరంగు ఫోల్డర్. సంతకం పెట్టాల్సిన ప్రతి చోటా ఒక రంగు చీటీ అంటించి బయటికి వేలాడదీస్తుంది. రజిత ఆమెను సైకిల్ స్టాండ్ దగ్గర పట్టుకుంది.

"అవ్వా, ఒక మాట అడుగుత. మా సారు సంతకం పెట్టే ముంగట కాగితం సదువుతడా?"

రాజవ్వ నోట్లో ఆకువక్క ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చింది. "సదువుడా? బిడ్డా, నా మనవడి పుట్టెంటికల కార్డు సారుకు ఇద్దామని ఫోల్డర్ల పెట్టిన. దాని మీద సంతకం జేసి, 'అంశములు స్వయంగా పరిశీలించితిని, వాస్తవము, గట్టిగా సిఫారసు చేయుచున్నాను' అని రాసి, ముద్దర గుద్ది, పైకి పంపుమన్నడు. ఆ కార్డు డీన్ ఆఫీసు దాక పోయింది. డీన్ గూడ 'ఆమోదం' అని రాసిండు."

"అన్నిటి మీద గదే రాస్తడా?"

"ఇరవై ఏండ్ల సంది గదొక్క ముక్కనే. కలం దానంతటదే రాస్తది. సారు ఫోన్ల మాట్లాడుతుంటడు."

రజిత పదహారు పేజీల ఫారం తీసి ఆమె చేతిలో పెట్టింది. రాజవ్వకు చదువు రాదు. కానీ కాగితాన్ని కాసేపు చూసి, రజిత మొహాన్ని అంతకంటే ఎక్కువసేపు చూసింది.

"సారు మీద్నా?"

"ఆఁ."

"మంచిగైంది." రాజవ్వ పక్కకు ఉమ్మింది. "మరి నీ పుస్తకం మీదనే సంతకం గుంజొచ్చు గద బిడ్డా? నువ్వు ఒడ్డున పడ్తవు."

"అది బీరువల పెట్టి తాళం ఏసిండు. ఒకవేళ చేతికొచ్చినా, నేను ఒడ్డున పడ్త, పోత. నా బల్ల కాడికి నిహారిక వస్తది. మొన్న చేరిన పిల్ల. సారు నిన్న ఆమెతోని బద్ద పట్టిచ్చిండు."

రాజవ్వ ఫారాన్ని కొంగులో చుట్టింది. "ఎన్ని సంతకాలు గావాలె?"

"పదహారు. ఇంకొకటి విడిగ, అభ్యంతరం లేదని. నీ నౌకరికేమన్న అయితదేమో అవ్వా."

"నాకేమైతది? నేను సదువురానిదాన్ని. ఏ కాగితం ఏందో నాకెట్లెరుక?" అంది రాజవ్వ, చదువు రానితనాన్ని మొదటిసారి పతకంలా మెడలో వేసుకుని. "ఎర్ర చీటీలు అంటియ్యకు. ఎర్రయి సూస్తె ఆగుతడు. పచ్చయి అంటియ్యి."

*

సుగుణాకర్ గారు సంతకాలు పెట్టేది సాయంత్రం నాలుగింటికి, చాయ్‌తో పాటు. ఆ రోజు రజిత బల్ల ఇవతల బద్దంత దూరంలో నిలబడింది. రాజవ్వ పేజీలు తిప్పుతోంది. ఆయన చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, మరో యూనివర్సిటీ వాళ్లకు "మహిళా భద్రత: నా దృక్పథం" అనే ఉపన్యాసానికి తారీఖు ఖాయం చేస్తున్నారు.

కలం నడుస్తోంది. లీవు లెటరు. పరిశీలించితిని, వాస్తవము. గాజు సీసాల ఇండెంటు. పరిశీలించితిని, వాస్తవము. ఆ తర్వాత పచ్చ చీటీ. ఒకటి, రెండు, మూడు. ఆరో పేజీ దగ్గర కలం ఆగింది.

రజిత చీటీ రంగు మళ్లీ చూసుకుంది, పచ్చదే.

సుగుణాకర్ గారు ఫోన్‌ను అరచేత్తో మూసి తలెత్తారు. "ఇదేంటిది, ఇన్ని పేజీలు?"

"ఫార్మాట్ సార్," అంది రజిత. "మీ కమిటీ తయారుచేసిందే."

ఆయన మొహం విప్పారింది. "మా ఫార్మాటా! ఎలా ఉంది? సమగ్రంగా ఉంది కదా?"

"ఏదీ వదల్లేదు సార్."

"అవతలివాడు చచ్చినా తప్పించుకోలేడు. అలా పకడ్బందీగా చేయించాను," అని ఆయన ఫోన్ మీది చెయ్యి తీసి, మిగతా పదకొండు సంతకాలూ పెట్టారు. నిరభ్యంతర పత్రం మీద సంతకం చేశారు. చివరి పేజీలో అలవాటు ప్రకారం కలం దానంతటదే రాసింది: అంశములు స్వయంగా పరిశీలించితిని. వాస్తవము. గట్టిగా సిఫారసు చేయుచున్నాను. రాజవ్వ ముద్ర అందించింది. దభీమని గుద్దారు.

"ఇరవై ఎనిమిది గుర్తుంది కదా వయ్యారిభామా? స్వెటర్ తెచ్చుకో. అక్కడ చలి."

"గుర్తుంది సార్."

*

ఆ తర్వాత కాగితం ఎవరూ నెట్టకుండానే పరుగెత్తింది. అనసూయాదేవి గారు లోపలి విషయం కనపడకుండా స్కేలు అడ్డం పెట్టుకుని పదహారు కాలమ్‌లూ నిండాయో లేదో మాత్రం చూశారు. అన్నీ నిండాయి. పదకొండేళ్లలో మొదటిసారి. ఆమె కళ్లు చెమర్చాయి.

"చదువుతారా మేడం?" అంది రజిత.

"తప్పమ్మా! గోప్యమైన కాగితాన్ని చదవడం గోప్యతకు భంగం," అని ఆమె "సంపూర్ణం" అనే స్టాంపు వెతికించారు. ఎన్నడూ వాడలేదు గనక అది ప్యాకింగ్‌లోనే ఉంది.

డిపార్ట్‌మెంట్ హెడ్ "ప్రొఫెసర్ సుగుణాకర్ స్వయంగా పరిశీలించినందున" అని రాసి సంతకం పెట్టాడు. డీన్ "హెడ్ సంతృప్తి చెందినందున" అని రాశాడు. రిజిస్ట్రార్ డాక్టర్ పాండురంగం గారు "డీన్ ఆమోదించినందున కౌన్సిల్ ముందుంచుడు" అని రాశారు. పాండురంగం గారి పేరు ముందున్న డాక్టర్ ఆరేళ్ల కిందట సుగుణాకర్ గారి దగ్గరే వచ్చింది. గది బయటి నేమ్‌ప్లేటు మీద పేరు కంటే ఆ డాక్టరే పెద్దగా ఉంటుంది.

ఇరవై నాలుగో తారీఖున కౌన్సిల్ సమావేశమై, జీడిపప్పు ప్లేటు ఒక చుట్టు తిరిగి వచ్చేలోగా నలభై ఏడు అంశాలు ఆమోదించింది. ముప్పై ఒకటో అంశం ఇలా ఉంది: "వృక్షశాస్త్ర విభాగం, స్కాలర్ కె. రజిత, సంబంధిత ప్రొఫెసర్ సిఫారసు మేరకు కాలమ్ 15లోని చర్యలు తీసుకొనుట." ఏకగ్రీవం. గట్టిగా బల్లలు కూడా చరిచారు, ఎందుకైనా మంచిదని.

ఆ కాగితం చివరికి ఆర్డర్లు టైపు చేసే సెక్షన్ ఆఫీసర్ సమ్మయ్య బల్ల మీద పడింది. టైపు చేయాలంటే చదవాలి. ఆ ఒక్క కారణం చేత సమ్మయ్య చదివాడు. చదివి, లేచి తలుపు వేసి, మళ్లీ చదివాడు. వాంగ్మూలం, మెసేజీలు, ఆకుపచ్చ సంతకాలు, వాటి కింద సుగుణాకర్ గారి చేతిరాత. రాజవ్వను పిలిపించాడు.

"అక్కా, గీ సంతకం సారుదేనా?"

"సారుదే. నా ముంగట్నే జేసిండు."

"సదివే జేసిండా?"

"సదివిన్నని రాసిండు గద. నాకేమెరుక, నేను సదువురానిదాన్ని."

సమ్మయ్య కిటికీలోంచి ఎమ్మెస్సీ క్లాసుల వైపు చూశాడు. ఆయన కూతురు ఇదే క్యాంపస్‌లో ఎమ్మెస్సీ మొదటి ఏడాది. "ఇరవై రెండేండ్ల సర్వీసుల," అన్నాడు, "ఫిర్యాదు జేసినామె, జేపిచ్చుకున్నాయన ఇద్దరు ఒక్క మాట మీద ఉన్న కేసు ఇదే ఫస్ట్ టైం." కుర్చీ ముందుకు లాక్కుని టైపు చేశాడు. రిజిస్ట్రార్ గారి ఫోల్డర్‌లో, పచ్చ చీటీతో, సంతకానికి పంపాడు.

*

సస్పెన్షన్ ఆర్డర్ ఇరవై ఐదున సుగుణాకర్ గారికి చేరింది. ఆయన దాని మీద కూడా "పరిశీలించితిని, వాస్తవము, గట్టిగా సిఫారసు చేయుచున్నాను" అని రాసి తిప్పి పంపేశారు. ఇరవై ఏడు ఉదయం గదికి వేరే తాళం కనపడేదాకా ఆయనకు సంగతి తెలియలేదు. తెలిశాక రిజిస్ట్రార్ ఆఫీసు దాకా పరుగెత్తారు. పావుగంటకు రజితకూ కబురొచ్చింది.

ఆమె వెళ్లేసరికి సుగుణాకర్ గారు బల్ల గుద్దుతున్నారు.

"మోసం! ఇది పచ్చి మోసం పాండురంగం గారూ! ఈ పిల్ల నాకు చెప్పకుండా సంతకం పెట్టించుకుంది!"

"ఫార్మాట్ అని చెప్పిన సార్," అంది రజిత. "పై పేజీ మీద పెద్దక్షరాలతోని రాసి ఉంది. నేను రాసిన దాంట్ల ఒక్క అబద్ధం ఉంటే చూపించమనండి."

"నేను చూడలేదు! చదవకుండా సంతకం పెట్టాను!"

రిజిస్ట్రార్ గారు లేచి, తలుపు వేసి, కర్టెన్ లాగి, వచ్చి కూర్చున్నారు.

"ఏమన్నారు?"

"చదవలేదన్నాను. నేనేదీ చదవను. మీకు తెలుసు కదా!"

"నాకు తెలియదు," అన్నారు పాండురంగం గారు గబగబా. "నాకు తెలిసే అవకాశమే లేదు. నా థీసిస్ మొదటి పేజీలో 'స్వయంగా పరిశీలించితిని' అని మీ చేతిరాత ఉంది. వీసీ గారి కోడలి థీసిస్‌లో ఉంది. మొత్తం ముప్పై నాలుగు థీసిస్‌లలో ఉంది. మీరు చదవకుండా సంతకం పెడతారని ఈ గది దాటి బయటికి పొక్కిందనుకోండి, రేపు పొద్దున్నకి ముప్పై నాలుగు మంది డాక్టర్లు ఒట్టి మనుషులైపోతారు. ఆలోచించి చెప్పండి ప్రొఫెసర్ గారూ. సంస్థాగత ప్రయోజనాల దృష్ట్యా అడుగుతున్నాను. మీరు చదివారా, లేదా?"

సుగుణాకర్ గారు రజితను చూశారు. నేమ్‌ప్లేటు చూశారు. ఫైలు చూశారు. జీవితంలో మొదటిసారి దాన్ని తెరిచి, తన గురించి తను గట్టిగా సిఫారసు చేసిన పేజీని, పెదాలు కదుపుతూ, లైను లైనూ చదివారు.

"చదివాను," అన్నారు చాలా చిన్నగా.

"గట్టిగా."

"చదివే సంతకం పెట్టాను."

"అయితే ఒప్పుకున్నట్టే," అన్నారు పాండురంగం గారు, ఊపిరి వదిలి.

*

ఇరవై ఎనిమిదో తారీఖున ఫారెస్టు గెస్ట్‌హౌస్‌కు ఎవరూ వెళ్లలేదు. ఆ రోజు సమ్మయ్య, రాజవ్వ సమక్షంలో బీరువా తెరిచి థీసిస్ బయటికి తీశారు. కొత్త గైడ్‌గా వచ్చిన ప్రొఫెసర్ మాణిక్యమ్మ గారు పదిరోజుల తర్వాత దాన్ని తిరిగిచ్చారు. ప్రతి పేజీ మీదా ఎర్ర ఇంకు. "మూడో అధ్యాయం మొత్తం తప్పు. పట్టికలో కూడికలు కూడా రావా నీకు? మళ్లీ రాయి," అని తిట్టారు. రజిత ఆ థీసిస్‌ను గుండెకు హత్తుకుని హాస్టల్ దాకా నడిచింది. నాలుగేళ్లకు ఎవరో చదివారు. నిహారిక ఎదురొచ్చి, "ఏమైందక్కా, ఏడుస్తున్నవా, నవ్వుతున్నవా?" అంటే ఎర్ర ఇంకు నిండిన పేజీ తెరిచి చూపించింది.

విశ్వవిద్యాలయంలో మాత్రం పెద్ద కష్టం వచ్చిపడింది. భయానికి ప్రొఫెసర్లందరూ సంతకానికి ముందు కాగితాలు చదవడం మొదలుపెట్టారు. సెలవు కోరిన వాళ్లకు సెలవు దొరికేసరికి పెళ్లిళ్లు అయిపోయాయి. గాజు సీసాల ఇండెంటును డీన్ రెండు రోజులు చదివి, అర్థంకాక డిక్షనరీ తెప్పించాడు. తాము ఎన్నేళ్లుగా దేనికి సంతకాలు పెడుతున్నారో తెలిసి ఇద్దరు హెడ్‌లకు బీపీ పెరిగింది. కరెంటు బిల్లు చదువుతుండగానే గడువు దాటి, మూడు బ్లాకులకు కరెంటు పోయింది.

మరుసటి నెలాఖరుకి రిజిస్ట్రార్ గారు సర్క్యులర్ జారీ చేశారు: "సంతకమునకు పూర్వము పత్రములను చదువుట అను అవాంఛనీయ ధోరణి వలన పరిపాలన స్తంభించుచున్నందున, సిబ్బంది యావన్మందీ పూర్వ సంప్రదాయమునే పాటించవలెను. చదివినట్లు రుజువైనచో చర్య తీసుకొనబడును." దీన్ని రాసింది సమ్మయ్య. పచ్చ చీటీ అంటించింది రాజవ్వ. రిజిస్ట్రార్ గారు సంప్రదాయం ప్రకారమే సంతకం పెట్టారు.

ఇక మిగిలింది గేటు దగ్గరి సున్నా. దాని మీద అత్యవసర సమావేశం జరిగింది. చెరిపేద్దామంటే రెండు కోటింగుల పెయింటు. అనసూయాదేవి గారే దారి చూపారు. సంబంధిత ప్రొఫెసరే స్వయంగా సిఫారసు చేశారు గనక ఇది సాంకేతికంగా ఫిర్యాదు కాదు, సిఫారసు. కాబట్టి సున్నా అలాగే ఉంటుంది. దాని కింద ఇంకో లైను చేర్చాలి.

మర్నాడు ఉదయం రజిత చాయ్ తాగడానికి గేటు దగ్గరికి వచ్చేసరికి పెయింటరు నిచ్చెన ఎక్కి ఉన్నాడు. సున్నా కింద కొత్త లైను మెరుస్తోంది. "స్వచ్ఛందంగా అందిన సిఫారసులు:" అని రాసి, బ్రష్ డబ్బాలో ముంచి ఆగాడు.

"అక్కా, జర చెప్పు. ఒకటి అని రాయమన్నరు. బోర్డు మీదనే పక్కాగ రాయాల్నా?"

రజిత గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ దుకాణం వైపు చూసింది. పొద్దున్న తొమ్మిదికే అక్కడ వరస కట్టి ఉంది. నిహారిక ముందు నిలబడింది. ఆమె వెనక ఫిజిక్స్ అమ్మాయిలు ఇద్దరు, లా కాలేజీ వాళ్లు నలుగురు, తను ఎన్నడూ చూడని మొహాలు ఇంకా చాలా. అందరి చేతుల్లోనూ పదహారు పేజీలు. వరస పక్కన రాజవ్వ నిలబడి, ఏ సారు ఏ పూట చాయ్ తాగుతాడో వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతోంది.

"అంకె బోర్డు మీద రాయకు అన్నా," అంది రజిత. "రేకు మీద రాయి. కొక్కెం పెట్టు."